పట్టు దొరకని వెనక చక్రాలు

బోధన్ నుంచి వర్ని వైపు పోయే దారిలో, కాలువ గట్టుకు ఆనుకుని ఉన్న, కోస్తా నుంచి వలస వచ్చినవాళ్ల క్యాంపుల్లో, ఎవరి ట్రాక్టరైనా పొలంలో దిగబడి వెనక చక్రాలు ఉత్తినే తిరుగుతుంటే ముందు సతీష్‌బాబుకే ఫోను వెళ్లేది. అతను మోటారు సైకిలు మీద వచ్చి, గట్టున నిలబడి ఓ నిమిషం చూసేవాడు. టైర్లలో నీళ్లు ఎక్కించమనేవాడు, లేదా చక్రాలకు ఇనప బరువులు తగిలించమనేవాడు, లేదా గాలి కాస్త తగ్గించమనేవాడు. చెప్పినట్టు చేస్తే బండి కదిలేది. అతని తాత బ్రహ్మానందం కాలువ నీళ్ల కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ నల్లరేగడి కొన్న మనిషి. మనవడికి మాత్రం పొలం కన్నా పొలంలో తిరిగే బండి మీదే మనసు. ఇరవై రెండేళ్లు షెడ్డు నడిపాడు. చెరకు జోరుగా పండిన రోజుల్లో చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు కిలోమీటరు పొడవున నిలబడ్డ ట్రాలీల వరసలో ఏ బండి మొరాయించినా అతనే వెళ్లేవాడు. ఫ్యాక్టరీ మూతపడి చెరకు మడులన్నీ వరి మడులయ్యాక కూడా పని తగ్గలేదు. వరి బురదలో ట్రాక్టరు ఇంకా లోతుగా దిగబడుతుంది.

రెండేళ్ల కిందట ఒక వేసవి మధ్యాహ్నం, వెనక చక్రం బిగిస్తుండగా జాకీ జారింది. రిమ్ముకూ హబ్బుకూ మధ్య అతని ఎడమచేయి నలిగింది. నిజామాబాదు డాక్టర్లు వేళ్లను నిలబెట్టారు గాని, చూపుడువేలు పూర్తిగా వంగడం మానేసింది. దాని కొసన స్పర్శ పోయింది.

"ఎడమచేయే కదా, పోనీలే" అన్నారు చూడొచ్చిన వాళ్లంతా. మెకానిక్కుకు అలా పోనివ్వడానికి లేదు. కుడిచేయి పానా పట్టుకుని ఉంటే, కంటికి ఆనని చోటికి వెళ్లి తడిమి చూసి వచ్చేది ఎడమచేయే. బోల్టు మర పట్టిందో లేదో, సీలు మడతపడిందో, బేరింగు గరగరలాడుతోందో ఆ వేలికొసే చెప్పేది. ఇప్పుడది ఏమీ చెప్పడం లేదు. షెడ్డులో పెద్ద పనులన్నీ అతని దగ్గర పదేళ్లుగా ఉన్న విష్ణు చేతికి వెళ్లాయి. సతీష్‌బాబుకు ఓ ప్లాస్టిక్ కుర్చీ మిగిలింది. నలభై ఏడేళ్ల వయసులో ఆ కుర్చీలో కూర్చుని సలహాలు చెప్పడం అతనికి ఒంటికి పడలేదు.

వేలికి వ్యాయామం చేయించుకోవడానికి వారానికోసారి నిజామాబాదు వెళ్లేవాడు. అక్కడ ఓ రబ్బరు బంతి చేతికిచ్చి నొక్కమనేవారు. అలా నొక్కి నొక్కి విసుగెత్తి మోస్రా దారిన తిరిగొస్తున్న ఓ ఆదివారం, ఒక రైస్ మిల్లు పక్కన ఉన్న ఖాళీ జాగాలో దుమ్ము లేవడం చూసి బండి ఆపాడు. జాగా నిండా ఎర్రమొరం పోసి, మలుపులూ మిట్టలూ చేసి, అంచుల వెంట నీళ్ల పైపు పరిచి ఉంది. ఆ దారిలో మూర పొడవున్న బుల్లి కార్లు మిడతల్లా దూకుతూ పరిగెడుతున్నాయి. ఏడెనిమిది మంది చెక్కలతో కట్టిన మంచె మీద నిలబడి, చేతుల్లో తుపాకీ పిడి లాంటి రిమోట్లు పట్టుకుని వాటిని నడుపుతున్నారు. ఎడమ చూపుడువేలితో మీట లాగితే కారు ఉరుకుతుంది. కుడిచేత్తో పక్కనున్న చిన్న చక్రం తిప్పితే అది మలుపు తిరుగుతుంది. వీటిని బగ్గీలంటారని అతనికి తర్వాత తెలిసింది.

మిల్లు గోడ పక్కన ఒక గట్టి మలుపు ఉంది. అక్కడ సగం కార్లు గిర్రున వెనక్కి తిరిగిపోతున్నాయి. సతీష్‌బాబు కంచె దగ్గర నిలబడి అరగంట చూశాడు.

మంచె దిగి వచ్చిన ఒకతను పలకరించాడు. పేరు రంజిత్. టౌన్లో ఫోన్ల రిపేరు దుకాణం అతనిది. మిల్లు యజమానిని అడిగి ఈ జాగా తీసుకుని, నలుగురిని పోగేసి ట్రాకు చేసింది అతనే.

"ఏం చూస్తున్నవన్నా?"

"వెనక బరువు లేదు బాబూ. బరువు లేని చక్రం నేలను పట్టదు. అందుకే తిరిగిపోతున్నాయి."

రంజిత్ నవ్వాడు. "చెప్పుడు అల్కగనే ఉంటదన్నా. నా దగ్గర పాత బగ్గీ ఒకటున్నది. తీస్కపోయి నడిపి చూడు."

అలా వచ్చింది ఆ బగ్గీ ఇంటికి. రెండో రోజుకే సతీష్‌బాబు రబ్బరు బంతిని ఎక్కడో పారేశాడు.

ఇంటి ముందు వడ్లు ఆరబోసుకునే సిమెంటు కళ్లం ఉంది. అక్కడ నడిపితే బండి బుద్ధిగానే ఉండేది. ఆదివారం మోస్రా దారిలో మొరం మీదికి వెళ్లేసరికి మిల్లు మూల దగ్గర వెనకభాగం జారేది. మలుపులోకి వెళ్లేటప్పుడు బాగానే వెళ్లేది. బయటికి వస్తూ కాస్త మీట లాగగానే వెనక చక్రాలు పక్కకు కొట్టుకుపోయి, బండి మూతి వచ్చిన దారి వైపు తిరిగేది. ఎవరో ఒకరు పరిగెత్తుకు వెళ్లి దాన్ని సరిగ్గా నిలబెట్టాలి. మొదటి ఆదివారం పద్నాలుగు సార్లు తిరిగింది.

అతను కంగారు పడలేదు. ఇది తన విద్యే అనుకున్నాడు. కార్ల టైర్ల షాపులో చక్రాలను సరితూచడానికి అతికించే సీసం ముక్కలు తెచ్చి, బగ్గీ వెనక బంపరు కింద వరసగా అంటించాడు. మరుసటి ఆదివారం బయల్దేరేటప్పుడు పట్టు కొంచెం పెరిగినట్టే అనిపించింది. మలుపులో మాత్రం ఇంతకు ముందుకన్నా ఘోరంగా తిరిగింది. ఒకసారి జారడం మొదలుపెడితే ఆగడమే లేదు. తాడు చివర రాయి కట్టి తిప్పినట్టు వెనకభాగం విసురుగా వచ్చేది.

బరువు చాలలేదనుకుని ఇంకో నాలుగు ముక్కలు వేశాడు. ఆ బరువుకు బండి వెనక కూలబడి, పొట్ట నేలకు రాసుకోవడం మొదలుపెట్టింది. అందుకని వెనక స్ప్రింగులు తీసి గట్టివి వేశాడు. గట్టి స్ప్రింగులు వేశాక మిట్ట దిగిన ప్రతిసారీ బండి బంతిలా ఎగిరింది. అందుకని షాకబ్జార్బర్లలో పల్చటి నూనె తీసేసి చిక్కటిది పోశాడు. ఒక్కో మార్పుకూ ఒక కారణం ఉంది, ప్రతి కారణమూ న్యాయంగానే కనపడింది. ఆదివారం వచ్చేసరికి బండి మళ్లీ తిరిగేది.

నెల దాటింది. ఇంట్లో అన్నం ముందు కూర్చుని కూడా అతను గాల్లో చేత్తో మలుపు గీసుకునేవాడు. మాట్లాడిస్తే కసురుకునేవాడు. భార్య సుధారాణి రెండుసార్లు ఊరుకుని, మూడోసారి కంచం ముందునుంచి లేచి వెళ్లిపోయింది. ఒకరోజు కళ్లం మీద పరీక్ష చేస్తుండగా బండి వెళ్లి తల్లి రత్తమ్మ ఆరబెట్టిన గుమ్మడి వడియాల్లో దూరింది.

"ఒరే సతీషూ" అంది రత్తమ్మ, చీర మీద నుంచి వడియాల పిండి దులుపుకుంటూ. "నీ చెయ్యి నలిగినప్పుడు కూడా ఇంత మొహం పెట్టుకోలేదురా నువ్వు. ఏవిటది, ఆ బొమ్మ?"

అతను వంగి చక్రాల్లో ఇరుక్కున్న పిండిని పుల్లతో తీయడం మొదలుపెట్టాడు.

షెడ్డు దగ్గర ఇంకా కష్టమైంది. ఓ మధ్యాహ్నం కొత్త టైర్లు వేయించుకోవడానికి వచ్చిన ఒక రైతు, బల్ల మీద విప్పి పెట్టిన బగ్గీని చూసి విషయం కనుక్కున్నాడు. "మా పొలంలో మూడు టన్నుల బండిని కదిలించావు. ఇది కదలనంటోందా సతీష్‌బాబూ" అని నవ్వాడు. మంచి మనిషే, ఎగతాళికి అన్నది కాదు. సతీష్‌బాబు బగ్గీ మీద ఓ గుడ్డ కప్పేశాడు.

నిజానికి అతన్ని ఎక్కువ బాధపెట్టింది ఎగతాళి కాదు. మూడో నెలలో ఓ ఆదివారం, మిల్లు మూల దగ్గర వరసగా ఐదోసారి బండి తిరిగాక, రంజిత్ అతని పక్కకు వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు.

"అన్నా, ఏమనుకోకు. మీట మీద వేలు జర మెల్లగ పోవాలె. నీకు ఆ వేలుకు తెలుస్తలేదు కదా. ఒక్కసారి గుంజేస్తున్నవేమో. కావాలంటే రిమోట్‌ల జోరు తగ్గించి ఇస్త. సగం జోరే పోతది. ఆరామ్‌గ తిరుగుతవు."

మంచె మీద ఉన్న మిగతావాళ్లు ఈ మాట విననట్టు ట్రాకు వైపు చూస్తూ నిలబడ్డారు. అంటే అందరూ ఎప్పటినుంచో ఇదే అనుకుంటున్నారన్న మాట. సతీష్‌బాబుకు చెవులు వేడెక్కాయి.

"నా వేలు బాగానే ఉంది" అన్నాడు.

బగ్గీని గోనెసంచిలో వేసుకుని ఇంటికి వచ్చేశాడు. ఆ తర్వాత రెండు ఆదివారాలు అటు వెళ్లలేదు.

వెళ్లలేదు గాని ఆ మాట అతన్ని వదలలేదు. ఎడమచేత్తో టీ గ్లాసు ఎత్తినా, చొక్కా గుండీ పెట్టుకున్నా రంజిత్ గొంతే వినపడేది. తనకు తెలియకుండా వేలు మీటను ఎక్కువ లాగుతోందా? లాగుతుంటే తనకెలా తెలుస్తుంది? తెలియకపోవడమే కదా ఆ వేలికి వచ్చిన రోగం. ఇలా ఆలోచిస్తే ఒడ్డు దొరకలేదు. ఇంతకాలం బండిని తిట్టుకున్నవాడు ఇప్పుడు చేతిని చూసుకోవడానికి జంకాడు.

ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక వంటింటి గడప మీద కూర్చుని సుధారాణిని పిలిచాడు.

"కళ్లు మూసుకుంటాను. నా వేలికొస మీద బియ్యపుగింజ పెట్టు. ఒక్కోసారి పెట్టకు. ఎప్పుడు పెట్టావో నేను చెప్తాను."

"ఇదేం ఆటండీ?"

"పెట్టు, చెప్తాను."

ఆమె చేట పక్కన పెట్టి అతని ముందు కూర్చుంది. అతను కళ్లు మూసుకుని "ఉంది" అన్నాడు, "లేదు" అన్నాడు, మళ్లీ "ఉంది" అన్నాడు. పది సార్లు అయింది.

"ఎన్ని సరిగ్గా చెప్పాను?"

"ఏడు" అంది సుధారాణి.

ఆమె వెంటనే చెప్పలేదు. కాస్త ఆగి చెప్పింది. అతను ఆఖరిసారి "లేదు" అంటూనే తొందరపడి కళ్లు తెరిచాడు. వేలి మీద తెల్లగా గింజ కనపడుతూనే ఉంది. అలా ఆగి చెప్పిన ఏడు నిజం కాదని ఇద్దరికీ తెలుసు. ఆమె గింజ తీసి చేటలో వేసి లేచింది. అతను చాలాసేపు గడప మీదే ఉన్నాడు. వేలిని గడపకేసి నొక్కితే చెక్క గరుకు తెలియలేదు గాని, పైన కణుపు దగ్గర ఒత్తిడి మాత్రం తెలిసింది. ఆ కాస్తా సరిపోతుందా లేదా అన్నది తనంతట తాను తేల్చుకోగలిగిన సంగతి కాదని అతనికి అర్థమైంది. తేల్చగలిగిన మనిషి ఒకరున్నారు.

ఆ ట్రాకు మీద అందరికన్నా చురుకైన చెయ్యి సంజనది. ఇరవై ఐదేళ్ల పిల్ల, టౌన్లో రక్తపరీక్షల లాబులో పని. తల్లి ఇప్పటికీ బీడీలు చుడుతుంది. వేళ్లను మాత్రమే కదిలించి మిగతా ఒంటిని నిశ్చలంగా ఉంచడం తల్లి దగ్గర చూసి నేర్చుకున్నానని ఆమె చెప్పేది. ఆమె బగ్గీ మిల్లు మూలలో గీత గీసినట్టు పోయేది.

మూడో ఆదివారం సతీష్‌బాబు అందరికన్నా ముందే వెళ్లి ట్రాకు దగ్గర నిలబడ్డాడు. సంజన స్కూటీ దిగుతుండగానే ఎదురెళ్లాడు.

"నా బండి ఓసారి నువ్వు నడపాలమ్మా."

ఆమె అతని మొహం చూసి తటపటాయించింది. "నేను నడిపితే మంచిగ పోయిందనుకో, నువ్వు ఫీలైతవేమో అన్నా."

"పోతే పోనీ. నాకు తెలియాలి. నువ్వు నడిపితే సరిగ్గా పోయిందంటే వేలుదే తప్పు. అప్పుడు రంజిత్ చెప్పినట్టు సగం జోరుతో నడుపుకుంటాను."

ఆ మాట అనడానికి అతనికి రెండు వారాలు పట్టింది.

సంజన రిమోట్ తీసుకుని మంచె ఎక్కింది. బగ్గీ కదిలింది. మొదటి మిట్ట దూకింది, పొడుగు దారిలో ఉరికింది, మిల్లు మూలలోకి వెళ్లింది, బయటికి వస్తూ గిర్రున తిరిగి వెనక్కి చూస్తూ నిలబడింది.

సంజన మళ్లీ నడిపింది. రెండో చుట్టులో ఇంకాస్త నెమ్మదిగా వెళ్లింది, అయినా తిరిగింది. మూడో చుట్టులో ఊపిరి బిగబట్టి, మీటను వెంట్రుకవాసి లాగినట్టు లాగింది. అప్పుడు కూడా వెనకభాగం జారి బండి పైపుకు కొట్టుకుంది.

ఆమె మంచె మీద నుంచి కిందికి వంగి చెప్పింది. "బండే అన్నా. నీ వేలు కాదు. దీన్ని ఎవ్వలు నడిపినా గిట్లనే తిరుగుతది."

సతీష్‌బాబుకు నవ్వొచ్చింది. మూడు నెలల్లో అదే మొదటిసారి. పక్కనే ఉన్న రంజిత్ కూడా ఆ నవ్వు చూసి తేలికపడి, "మాఫ్ చెయ్యన్నా" అన్నాడు. ముగ్గురూ మిల్లు ముందున్న తోపుడు బండి దగ్గర టీ తాగారు.

ఆ తేలిక టీ తాగినంత సేపే ఉంది. గ్లాసు కింద పెట్టేసరికి రెండో సంగతి వచ్చి నెత్తిన కూర్చుంది. తప్పు వేలిది కాకపోతే బుర్రది. బరువు, స్ప్రింగు, నూనె అన్నీ తనే ఆలోచించి తనే వేశాడు. ఇరవై రెండేళ్లు వెనక చక్రాలకు పట్టు తెప్పించిన మనిషి, మూడు నెలలు శ్రద్ధగా కూర్చుని పట్టు పోగొట్టాడు. ఇది వేలు పోవడం కన్నా మేలో కాదో అతనికి వెంటనే తేలలేదు.

"ఇంకో పది చుట్లు తిప్పుతావా అమ్మా? తిరిగినా పరవాలేదు. నేను మూల దగ్గర కూర్చుని చూస్తాను."

మిల్లు గోడ పక్కన, పైపుకు ఇవతల, అతను గొంతుకూర్చున్నాడు. తన బండిని ఇన్నాళ్లూ మంచె మీద నుంచే చూశాడు. అంత ఎత్తు నుంచి కార్లు జారడమే కనపడుతుంది, జారే ముందు ఏం జరుగుతోందో కనపడదు. ఇక్కడ బగ్గీ అతని మోకాళ్ల ముందు నుంచి వెళ్లింది. మలుపు బయట మొరం మీద, పోయిన కార్లు చేసిన చిన్న చిన్న గతుకులు ఉన్నాయి, జల్లెడ బోర్లించినట్టు. ముందు చక్రాలు వాటి మీద పాకుతూ పోయాయి. వెనక చక్రాలు ఎగురుతున్నాయి. అతను కళ్లు చిట్లించాడు. మళ్లీ వచ్చింది, మళ్లీ ఎగిరాయి. ఎత్తు ఎక్కువేం కాదు, వేలి మందం. కాని నేల మీద ఉన్న సేపటికన్నా గాల్లో ఉన్న సేపే ఎక్కువ.

బండి వెళ్లాక మొరం వైపు చూశాడు. పొద్దున నీళ్లు చల్లిన తడి ఇంకా ఉంది. ముందు చక్రాల జాడ తెగని గీతలా ఉంది. వెనక చక్రాల జాడ చుక్కలు చుక్కలుగా ఉంది.

ఆ చుక్కల జాడ అతను ఎరిగినదే. చెరకు దించేసి ఖాళీగా తిరిగొచ్చే ట్రాలీలు బోధన్ మట్టిరోడ్ల మీద అచ్చు అలాంటి జాడే వదిలేవి. నిండు ట్రాలీ నేలను కరుచుకుని పోతుంది. ఖాళీదానికి కింద స్ప్రింగు పట్టీలు గట్టిగా ఉంటాయి, పైన వాటిని వంచే బరువు ఉండదు, అందుకని ప్రతి గతుకుకూ ఎగిరి పడుతుంది. అలాంటి ట్రాలీకి బ్రేకు వేస్తే పక్కకు ఈడ్చుకుపోతుంది. ఎన్నిసార్లు డ్రైవర్లను తిట్టాడు దానికి.

అక్కడే మట్టిలో కూలబడ్డాడు. ట్రాక్టరుకు వెనక ఇరుసు కింద స్ప్రింగులే ఉండవు. ఆ పెద్ద టైరూ బరువూ తప్ప నేలను పట్టించేది ఇంకేమీ లేదు. అందుకే బరువు వేస్తే సరిపోయేది. తన జీవితమంతా స్ప్రింగుల్లేని చక్రాలతో గడిచింది. స్ప్రింగులున్న బండి చేతికొస్తే దాని స్ప్రింగులు పనిచేయకుండా బిగించి, చిక్కటి నూనెతో కట్టేసి, మళ్లీ ట్రాక్టరు చేశాడు. పైగా ఇరుసుకు వెనకాల సీసం వేలాడదీశాడు. ఆ సీసం మలుపులో బండిని లాక్కుపోకుండా ఏం చేస్తుంది?

"ఏమైందన్నా?" సంజన మంచె మీద నుంచి అరిచింది.

"ఆపెయ్. దొరికింది" అన్నాడు. సంతోషంగా అనలేదు. తన మీద తనకే చిరాకేసి అన్నాడు.

మిల్లు అరుగు మీద గోనెసంచి పరిచి ముగ్గురూ కూర్చున్నారు. సీసం అంతా ఊడబెరికారు. తూచి చూస్తే నూట అరవై గ్రాములు. మొత్తం బండే కిలోన్నర.

"ఇంత సీసం ఎప్పుడు పెట్టినవన్నా?" అన్నాడు రంజిత్. "నాకు ఒక్కముక్క చెప్పలే."

"మీరు నా వేలు చూస్తూ ఉన్నారు. బండి కిందికి ఎవరు చూశారు?"

రంజిత్ తలొంచుకుని స్క్రూ విప్పే పనిలో పడ్డాడు.

సంజన తన పెట్టెలోంచి మెత్తటి స్ప్రింగులు తీసింది. షాకబ్జార్బర్లలో నూనె వంచేసి పల్చటిది పోశారు. సతీష్‌బాబు కుడిచేతి వేలితో వెనకభాగాన్ని కిందికి నొక్కి వదిలాడు. ఒక పక్క చప్పున లేచింది, రెండో పక్క బద్ధకంగా లేచింది. విప్పి చూస్తే లోపలి కడ్డీ కొంచెం వంగి రాసుకుంటోంది. ఎప్పుడు వంగిందో ఏమో. ఎడమచేయి బాగుండి ఉంటే మొదటి రోజే దొరికేదనుకున్నాడు, ఆ మాట పైకి అనలేదు. రంజిత్ దగ్గర పాత కడ్డీ ఉంటే మార్చారు.

ఆ రోజు మధ్యాహ్నం అతనే రిమోట్ పట్టుకున్నాడు. మిల్లు మూలలో బండి వెనకభాగం చతికిలబడి, గతుకుల మీద కాళ్లు ఆడించుకుంటూ బయటికి వచ్చింది. పది చుట్లలో రెండుసార్లే తిరిగింది.

"మంచిగైంది" అంది సంజన.

"రెండుసార్లు తిరిగింది" అన్నాడు సతీష్‌బాబు.

ఆ రెండూ పోగొట్టడానికి ఇంకో నెల పట్టింది. వెనక చక్రాల ముందంచులు లోపలికి ఒక డిగ్రీ ఎక్కువ తిప్పాడు. అరిగిన టైర్లు తీసి, ఎండు మొరానికి తగ్గ సన్న బొడిపెలవి వేశాడు. ఈసారి ఒక్కో ఆదివారం ఒక్కటే మార్చాడు, మార్చినదాన్ని పుస్తకంలో రాశాడు, మూల దగ్గరికి వెళ్లి జాడ చూశాడు. చిరాకు తగ్గలేదు. ఒక మార్పు పనిచేయకపోతే ఇంకో ఏడు రోజులు ఆగాలి. మధ్యలో ఒక వారం వాన పడి ట్రాకంతా బురదైతే, వాన మీద కోపంతో ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. సుధారాణి ఈసారి కంచం ముందునుంచి లేవలేదు. "వచ్చే ఆదివారం నేనూ వస్తాను. ఏం చేస్తున్నారో చూస్తే గాని ఈ అలక నాకు అర్థం కాదు" అంది.

ఫిబ్రవరిలో రేసు పెట్టారు. కరీంనగర్ నుంచి ముగ్గురు, నాందేడ్ నుంచి ఇద్దరు వచ్చారు. మొత్తం పదకొండు బగ్గీలు. పది నిమిషాల పరుగు. సుధారాణి మిల్లు నీడలో నిలబడి, ఏ కారు భర్తదో తెలియక ముందు సంజన కారును చూసి సంతోషించింది. ఎవరో సరిచేశారు.

సతీష్‌బాబు నెమ్మదిగా మొదలుపెట్టాడు. కొత్తగా వచ్చినవాళ్లకు మిల్లు మూల సంగతి తెలియదు. మొదటి మూడు చుట్లలోనే నలుగురు అక్కడ గిర్రున తిరిగారు. అతని బండి వాళ్ల మధ్య నుంచి మూలుగుతూ పోయింది. ఆరు నిమిషాలు ఒక్కసారీ తిరగలేదు. అప్పటికి అతను ఐదో స్థానంలో ఉన్నాడని రంజిత్ మైకులో చెప్పాడు.

ఏడో నిమిషంలో నాందేడ్ అతని కారు వెనకే తరుముకొచ్చింది. సతీష్‌బాబు తొందరపడ్డాడు. మూలలోంచి బయటికి వస్తూ మీట లాగాడు. ఎంత లాగాడో వేలు చెప్పలేదు. బండి తిరిగింది. దాన్ని ఎవరో నిలబెట్టేసరికి రెండు కార్లు దాటిపోయాయి.

పక్కన మంచె మీదే ఉన్న సంజన ట్రాకు మీద నుంచి కళ్లు తిప్పకుండా, "మళ్ల బండేనా అన్నా?" అంది.

"కాదు" అన్నాడు సతీష్‌బాబు. "ఈసారిది వేలు."

చెప్పాక, అంత కష్టమేమీ కాలేదని గమనించాడు. మిగతా మూడు నిమిషాలూ జాగ్రత్తగా నడిపి ఏడో స్థానంలో ముగించాడు. సంజన రెండోదిగా వచ్చింది. కరీంనగర్ అతనిది గెలుపు.

కార్లు సర్దుకుంటుండగా నాందేడ్ వాళ్లలో పెద్దాయన ఒకరు తన బగ్గీ పట్టుకుని సతీష్‌బాబు దగ్గరికి వచ్చాడు. పరుగులో ఎనిమిది సార్లు తిరిగిన బండి అది. మరాఠీ కలిసిన హిందీలో, నీ బండి వెనక ఎలా నిలబడుతోందని అడిగాడు. సతీష్‌బాబు దాన్ని తలకిందులు చేసి చూశాడు. వెనక బంపరు కింద సీసం ముక్కలు వరసగా అంటించి ఉన్నాయి.

"వజన్ నికాలో భాయ్" అన్నాడు, ముందు ఆ బరువు తీసెయ్యమన్నట్టు సీసం చూపించి, అక్కడే నేల మీద కూర్చుని పానా తీస్తూ. "పెహలే యే సబ్ నికాలో."

గంట దాకా లేవలేదు. సుధారాణి రెండుసార్లు వచ్చి చూసి వెళ్లింది. ఎట్టకేలకు మోటారు సైకిలెక్కి మోస్రా దాటాక, వెనక కూర్చుని అడిగింది.

"ఇంక కుదిరినట్టేనా అండీ? ఇంట్లో మనుషులతో మాట్లాడతారా ఇక?"

"వెనక కుదిరింది" అన్నాడు అతను. గేరు మార్చి మళ్లీ అందుకున్నాడు. "వెనక పట్టు పెరిగేసరికి ఇప్పుడు ముందుభాగం మలుపు తిరగడం లేదు. మలుపులో మూతి తిన్నగా పోతోంది. చూశావా నువ్వు, ఆ రెండో మలుపులో?"

సుధారాణి చూడలేదు. అయినా చూశానంది. అతను వర్ని దాకా దాని గురించే చెప్పాడు.